రెండో సాక్షి

పెద్ద టీచరమ్మ పోయిందన్న కబురు నాకు కోవిల్‌పట్టి సంతలో తెలిసింది. మిరపకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి ఎవరో "టీచర్" అని పిలిచారు. తిరిగి చూస్తే విరుదునగర్ బడిలో మా ఇద్దరి దగ్గరా చదువుకున్న పిల్ల. మన తెలుగింటి పిల్లే. ఇప్పుడు చంకన బిడ్డ, పక్కన అత్తగారు.

"మీకు తెలీదా టీచర్? పెద్ద టీచర్ పోయినారు. మొన్నదా అడక్కం చేసిరి. కోయిలంతా జనం, నిలబడేదానికి తావు లే. మీరు వస్తారేమో అని నేను వాకిలి దిక్కే చూస్తా ఉంటిని" అంది. మొన్నదా అంటే మొన్ననే, అడక్కం అంటే క్రైస్తవుల్లో పూడ్చిపెట్టడం. ఇక్కడ మాకు గుడీ కోయిలే, చర్చీ కోయిలే.

నాకు ఏడుపు రాలేదు. నాకు మొట్టమొదట తోచింది ఇది: ఆ ఎర్రనీళ్ళు చూసినవాళ్ళలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. ఆ పిల్ల ఇంకా ఏదో చెబుతూనే ఉంది, ఎవరెవరు వచ్చారు, ఎవరు పాడారు అని. నేను మిరపకాయలు ఏరుతూనే ఉన్నాను.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. ఆమె మంచి నేను దాస్తే దాగేది కాదు. కాని మిగతాది కూడా చెబుతాను. అలా చెప్పడం నాకు నేర్పింది ఆమే.

పొట్టి మనిషి. తెల్లచీర, మోచేతులు దాటే రవిక, ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో నల్ల గొడుగు. కళ్ళజోడుకు ఒక కాడ విరిగితే దారం కట్టుకుంది. దారం మాసిపోయినప్పుడల్లా మార్చేది గాని కొత్త కాడ వేయించుకోలేదు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వాసన చూసేది. సుద్దముక్క, కొత్త పుస్తకం, ఎవరో పంపిన జామకాయ, చివరికి చర్చి గురువు పాదిరి అయ్యరు ఇచ్చిన క్రిస్మస్ కార్డు కూడా. పిల్లలు నవ్వితే, "దేవుడు ముక్కు ఏల ఇచ్చినాడు, జోడు మోసేదానికా?" అనేది.

ఆమెది అరుప్పుకోట్టైలో నేతగాళ్ళ ఇల్లు. తాతల కాలంలో వేదంలో కలిశారు. మతం మారినా ఇంట్లో తెలుగు పోలేదు. నా కులం వేరు, దేవుడు వేరు. తెలుగు మాత్రం మా ఇద్దరిదీ ఒకటే రకం, సగం అరవం కలిసి, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు వింటే మూతి బిగబట్టుకుని నవ్వు ఆపుకునే రకం. ఈ రాత తెలుగు నాకు పెద్దయ్యాక అబ్బింది. బడిలో అందరితోనూ అరవం మాట్లాడే ఆమె, నా ఒక్కదానితోనే ఇంటి మాట మాట్లాడేది. ఆ మిషన్ బడి కాంపౌండులో నాకు అదే పుట్టిల్లు.

ఆమె నా బతుకులోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మా అత్తగారి ఊరు ఒట్టపిడారం పక్క. నల్లరేగడి, పత్తి, సజ్జ. పెళ్ళయిన మరుసటేడు పత్తి చేలో మా ఆయన్ను పాము కరిచింది. నాకప్పుడు పదహారో పదిహేడో. నా జాతకమే వాణ్ణి మింగిందని ఇంట్లో తేల్చేసి, నన్ను తెచ్చి పుట్టింట్లో దించారు. అక్కడా అదే మాట, కాస్త మెత్తగా. నాకు తెల్లచీరలు కొనాలని మా అమ్మ చీరల మూట వాణ్ణి పిలిపించింది. ఆ మూట టీచరమ్మ తమ్ముడిది. బడికి సెలవులని తమ్ముడితోపాటు బండెక్కి వచ్చి మా తిన్నె మీద కూర్చుంది.

అమ్మ చీరలు తిరగేస్తూనే నా జాతకం సంగతి ఎత్తుకుంది. కొత్త మొహం కనిపిస్తే చాలు, మొదలుపెట్టేది. ఆమె ఒక చీర అంచు ముక్కు దగ్గర పెట్టుకుని అంతా వింది.

"పాము కరిచినది ఎవురన్నా చూసినారామ్మా?" అని అడిగింది.

"చూడకేమి? చేలో కూలోళ్ళు ఉండిరి. కాలి మీద గాట్లు ఉండె" అంది అమ్మ.

"సరి. జాతకం కరిచినది ఎవురు చూసినారు?"

బేరం పోతుందన్న భయంతో తమ్ముడు "అక్కా, సుమ్మా ఉండు" అని గొణిగాడు. ఆమె సుమ్మా, అంటే ఊరికే, ఉండే మనిషి కాదు, చూపు అమ్మ మీంచి తిప్పలేదు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఏడాదిగా నెత్తిన మోస్తున్నది ఆ ఒక్క ప్రశ్నతో దిగిపోయింది. నన్ను మనిషిని చేసింది ఆ ప్రశ్న. ఈ మాట ఎవరు వద్దన్నా చెబుతాను.

ఆ తరవాత మళ్ళీ మళ్ళీ వచ్చి మా నాన్నను వదలకుండా పట్టుకుంది. మతం మారుస్తారని ఆయన భయం. "మార్చను. నీ బిడ్డకి చూసేది నేర్పిస్తాను, అంతేదా" అని మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. అన్నేళ్ళలో ఒక్కనాడు నన్ను ప్రార్థనకు రమ్మనలేదు. నేను చదివాను, ట్రైనింగు పూర్తి చేశాను, ఆమె చేతికిందే చిన్న క్లాసులకు సైన్సు చెప్పడానికి కుదిరాను. ఈలోగా అత్తవారు, క్రైస్తవుల బళ్ళో కూడు తిన్నదానికి మా గడప లేదన్నారు. నాన్న పోయాక మా అన్నలూ అదే అన్నారు. ఆ మాట చెప్పి నేను ఏడ్చింది ఆమె ఒళ్ళోనే. ఆ కాంపౌండు తప్ప నాకు ఇల్లు లేదని ఆమెకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలీదు.

ఆమె పాఠం చెప్పే తీరు ఇంకెక్కడా చూడలేదు. బడిలో సైన్సుకు వేరే గది లేదు. ఒక అలమర, అందులో గాజు గొట్టాలు, స్పిరిట్ దీపం, తక్కెడ, ఒక థర్మామీటరు. ఏ ప్రయోగమైనా పిల్లలు జతలుగా చేయాలి. మొదటి పిల్ల చూస్తున్నప్పుడు రెండో పిల్ల వీపు తిప్పి నిలబడాలి. మొదటి పిల్ల తాను చూసింది టీచరు చెవిలో చెప్పాలి. తరవాత రెండో పిల్ల చూడాలి, అప్పుడు మొదటిది వీపు తిప్పాలి. ఇద్దరి మాటా కలిస్తేనే అది చూసినట్టు లెక్క. కలవకపోతే మళ్ళీ మొదటికి. ఒకరి మొహం చూసి ఇంకొకరు తలూపితే ఆమెకు ముక్కు మీద కోపం. "మా వేదంలో కూడా ఒక్క సాచ్చిని నమ్మి ఎవురి మీదా తీర్పు చెప్పరు" అనేది. పిల్లలు దీనికి వీపు పాఠం అని పేరు పెట్టారు. కిటికీలోంచి చూసిన బయటివాళ్ళు సగం క్లాసు గోడకేసి నిలబడి ఉండడం చూసి, టీచరమ్మ అందరికీ శిక్ష వేసిందని జాలిపడేవారు.

ఒకసారి పాత వంటగది వెనక మిట్టమధ్యాహ్నం పేయి తిరుగుతోందని హాస్టల్లో పుకారు పుట్టింది. పేయి అంటే దయ్యం. వంటమనిషి సాంబ్రాణి పొగ వేసింది, పిల్లలు ఆ వైపు పోవడం మానేశారు. ఆమె మర్నాడు మధ్యాహ్నం క్లాసంతటినీ తీసుకెళ్ళి ఆ గోడ నీడలో జతలు జతలుగా కూర్చోబెట్టింది. గంట కొట్టాక ఏం చూశారని అడిగింది. ఒక పిల్ల ధైర్యంగా "ఏమీ రాలే టీచర్" అంది. ఇంకొకతె ఏడుపు మొహంతో "నాకు బయమయ్యింది" అంది. అందరూ గొల్లున నవ్వారు.

"నవ్వొద్దు" అని గదమాయించింది ఆమె. "దాని గుండె మీద చెయ్యి పెట్టి చూడండి. ఎట్ల కొట్టుకుంటా ఉండాది? బయం ఉండాది, అది చూసినాము. పేయి ఉండేది చూడలే. రెండూ బోర్డు మీద రాయండి."

అరవంలో అన్న మాటలు నేను ఇంటి తెలుగులో రాస్తున్నాను. ఆ ఏడ్చిన పిల్ల అప్పటి నుంచి ఆమె కొంగు వదల్లేదు.

సైన్సు క్లాసులో ఒక మనిషి, వేదం క్లాసులో ఇంకో మనిషి అయి ఉంటే నాకు ఇంత చెప్పే పని ఉండేది కాదు. ఆదివారం వేదపాఠంలోనూ ఆమె అదే అడిగేది. ఇది చెప్తున్నవాడు చూసి చెప్తున్నాడా, విని చెప్తున్నాడా? వింటే ఎవరి దగ్గర విన్నాడు? పాదిరి అయ్యరుకు ఇది మింగుడుపడేది కాదు. మంచివాడే, గంభీరమైన గొంతు, కానీ ఎవరైనా ఎదురు మాట్లాడితే చెవులు ఎర్రబడేవి. ఒకసారి నా ముందే, "నమ్మకమంటే ప్రశ్న లేకపోవడమే టీచర్" అన్నాడు. "ప్రశ్న లేకపోయేది రాయికి అయ్యా, నమ్మేది మనిషి గదా" అంది ఆమె. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె లేకపోతే బడి నడవదని ఆయనకు తెలుసు.

భక్తి తక్కువని మాత్రం ఎవరూ అనలేరు. కోడి కూయకముందే లేచి గొంతెత్తి ప్రార్థించేది. పక్కగదిలో నాకు నిద్ర ఉండేది కాదు. ఆ విసుగుతోనే ఒకరోజు అడిగాను.

"మీ సామి నీళ్ళ మీద నడిచినాడంటారే, నువ్వు చూస్తివా టీచరమ్మా?"

నేను గొప్ప చిక్కు ప్రశ్న వేశాననుకున్నాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది, చెయ్యి కూడా ఆపలేదు.

"నేను చూడలే. చూసినామన్నవాళ్ళ మాట నమ్మినాను. నమ్మేది ఒకటి, చూసేది ఒకటి. రెంటినీ ఒక కుండలో పోస్తే రెండూ చెడిపోతాయి అమ్మీ."

"చూసినది నమ్మినదానికి అడ్డం వస్తే?"

"అప్పుడు నమ్మినది మళ్ళీ సరిగ్గా చదువుకోవాల. చూసినది కాదనకూడదు. కండ్లు ఇచ్చినవాడు, వేదం ఇచ్చినవాడు ఒకడేదా. చూసినది కాదంటే ఆయన్ను అబద్దికుణ్ణి చేసినట్ట" అంది.

నేను హిందువును, హిందువుగానే ఉండిపోయాను. అయినా ఆ పూట ఆమె దేవుడి మీద నాకు గౌరవం కలిగింది. అంత ధైర్యంగా పరీక్షకు నిలబడే దేవుణ్ణి నేను అంతకుముందు వినలేదు.

ఇక బావి సంగతి. కాంపౌండు బావి నీళ్ళు ఉప్పు. గిన్నెలు తోమడానికి, బట్టలు ఉతకడానికి తప్ప పనికొచ్చేవి కావు. తాగే నీళ్ళు బండి మీద వచ్చేవి. ఒక వేసవిలో తిరుత్తంగల్ వైపు నుంచి ఒక ప్రసంగి వచ్చి ప్రార్థన కూటాలు పెట్టాడు. పిల్లలందర్నీ బావి చుట్టూ నిలబెట్టి జెపం చేయించాడు. ఆ వారంలోనే కాలం కాని కాలంలో పెద్ద వాన. వాన వెలిసిన కొన్నాళ్ళకు బావి నీళ్ళు తియ్యబడ్డాయి. నేనూ తాగి చూశాను, ఉప్పు పోయింది. పాదిరి అయ్యరు ఇది అద్భుతమన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం చెంబులతో రావడం మొదలైంది. స్తోత్ర పండుగ చేయాలని, ఆ రోజు పిల్లలందరూ ఆ నీళ్ళే తాగాలని నిర్ణయించారు. నీళ్ళ బండి మానేశారు.

ఉప్పు పోయినందుకు నాకూ సంతోషమే. కాని కొద్ది రోజుల్లోనే చిన్నపిల్లలకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. కాంపౌండు గోడ అవతల ఒక కుంట ఉంది. మిరపకాయల బండ్ల ఎద్దుల్ని కడిగేది అందులోనే, ఊరి మురికి బట్టలు ఉతికేది అందులోనే. వానకు కుంట నిండింది. అనుమానం వచ్చి పోయి చూస్తే, గోడ వైపు గట్టు కింద రేగడి నేల నెర్రె ఒకటి నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళు సుడి తిరుగుతూ అందులోకి దిగుతున్నాయి.

పరుగున వచ్చి ఆమెతో చెప్పాను. ఆమె కళ్ళు వెలిగాయి. "ఉండు ఉండు. నువ్వు చెప్పేది అనుమానం. అనుమానం సాచ్చి కాదు" అంది. ఉపాయం ఆమెదే. అరుప్పుకోట్టైలో తమ్ముడి చాయం తొట్ల నుంచి నూలుకు వేసే ఎర్రరంగు తెప్పించింది. మధ్యాహ్నం పిల్లలు కుట్టుపనిలో ఉండగా ఇద్దరం పోయి కుండెడు చిక్కటి రంగు ఆ నెర్రెలో పోసి, గోడ చుట్టి బావి దగ్గరికి వచ్చాం.

ఆమె వీపు తిప్పి నిలబడింది. నేను వంగి చూస్తూ కూర్చున్నాను. ఎండ నిట్టనిలువుగా బావిలోకి పడుతోంది. కుంట వైపు రాళ్ళ సందున తడి చార ఒకటి కారుతోంది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఆ చార గులాబీ అయింది, కాసేపటికి ఎర్ర నూలుపోగులా అయింది. నేను ఏమీ అనకుండా లేచి వచ్చి వీపు తిప్పుకున్నాను. ఆమె పోయి వంగింది. గోడ అవతల ఎద్దుల గంటలు వినిపిస్తున్నాయి.

"ఎరుపు" అంది చివరికి.

"ఎరుపే" అన్నాను నేను.

ఆమె బావి గట్టు మీద కూలబడింది. రవిక చెమటతో తడిసిపోయింది. "చాటుగా చెప్తే చాడీ అయిపోతుంది. సంగం ముందర చెప్పాల. నువ్వు మొదట చెప్పు, నేను రెండో సాచ్చిగా లేస్తాను" అంది. సాయంత్రానికి ఆ చార మామూలు రంగుకు వచ్చేసింది. మాకు దిగులు లేదు. ఇద్దరం చూశాం కదా.

పండుగకు ముందు ఆదివారం సంఘం పెద్దలు బడి హాలులో కూర్చున్నారు. బడి నడిపే దొరసాని ఎండలకని కొండకు పోయింది. ఇక తిరిగి రాదని, ఆమె స్థానంలో పెద్ద టీచరమ్మను హెడ్‌మిస్ట్రెసును చేయాలని మాట. దానికి ఒప్పుకోవలసింది కూడా ఆ పెద్దలే, ఆ సభలోనే. ఈ సంగతి నాకు తెలుసు. కాని ఆ రోజు అది నాకు గుర్తుకు కూడా రాలేదు. నేను ఎంత వెర్రిదాన్నో దీన్ని బట్టి తెలుస్తుంది.

నేను లేచి చూసింది చూసినట్టు అరవంలో చెప్పాను. అద్భుతం అవునో కాదో నాకు తెలీదు, కుంట నీళ్ళు బావిలోకి వస్తున్నాయని మాత్రం తెలుసు, పిల్లలకు ఆ నీళ్ళు కాచకుండా ఇవ్వొద్దు అన్నాను. హాలులో కలకలం రేగింది. పాదిరి అయ్యరు చెవులు ఎర్రబడ్డాయి. మా ఉప్పు తిని మా దేవుణ్ణే వేలెత్తి చూపుతోందని ఎవరో వెనక నుంచి అన్నారు.

"అయ్యా, నా మాట నమ్మొద్దు. రేపు మళ్ళీ రంగు పోద్దాం, మీరే వచ్చి చూడండి" అన్నాను.

"దేవుణ్ణి పరీక్షించడం పాపం" అన్నాడు ఆయన.

నాకు నవ్వొచ్చింది. ఈ మాటకు ఆమె దగ్గర జవాబు ఉంది, నేను చెవులారా విన్న జవాబు. ధీమాగా ఆమె వైపు చూశాను. ఆయనా అటే తిరిగాడు.

"మీరు చెప్పండి టీచర్. ఈమె చూసినప్పుడు మీరూ చూశారా?"

ఆమె లేచింది. కళ్ళజోడు దారం సర్దుకుంది.

"ఈమె చూసేటప్పుడు నేను వీపు తిప్పి నిలబడి ఉన్నాను" అంది.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను తరవాతి మాట కోసం ఎదురుచూశాను. ఆమె కూర్చుంది.

నాకు సభ మర్యాద గుర్తులేదు. ఇంటి తెలుగులోనే అరిచాను. "తరవాత? తరవాత నువ్వు చూస్తివి గదా టీచరమ్మా! నేను వీపు తిప్పుకుంటిని, నువ్వు వంగి చూస్తివి! ఏమి చూస్తివో చెప్పు!"

ఆమె నా మొహం చూడకుండా, అరవంలో, "సభలో అందరికీ తెలిసిన భాషలో మాట్లాడండి" అంది. మీరు అని. ఆమె నన్ను మీరు అనడం అదే మొదలు.

ఒళ్ళు మండిందని రాయాలి, కాని అప్పుడు మండలేదు, చలి వేసింది. మండడం తరవాత మొదలై ఇప్పటికీ ఆరలేదు. ఆమె నేరుగా అబద్ధం ఆడి ఉంటే ఇంతగా విరిగిపోయేదాన్ని కాదేమో. భయపడి అబద్ధమాడినవాళ్ళను చాలామందిని చూశాను, మన్నించాను కూడా. ఆమె అలా చేయలేదు. ఎవరూ ఎవర్నీ మోసం చేయకూడదని తానే కనిపెట్టి పిల్లలకు నేర్పిన పద్ధతిని తీసుకుని, దాని చాటున దాక్కుంది. నేను తలుపు వెనక నిలబడ్డ రోజు నుంచి నమ్ముకున్నదంతా ఆ ఒక్క వాక్యంలో పోయింది.

ఆ సభలోనే ఆమెను హెడ్‌మిస్ట్రెసును చేశారు. నన్ను నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. నా సామానుకు బండి వచ్చిన రోజు ఆమె గది తలుపు వేసే ఉంది. పండుగ జరిగింది, పిల్లలు ఆ నీళ్ళు తాగారు. ఆ తరవాత హాస్టల్లో చాలామంది మంచాన పడ్డారని, ఒక చిన్నపిల్ల సాత్తూరు దగ్గరి తన ఇంటికి పోయి మళ్ళీ లేవలేదని విన్నాను. అది ఆ నీళ్ళ వల్లేనా అంటే నేను తేల్చి చెప్పలేను. నేను చూడలేదు. కొన్నాళ్ళకు మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి బావి మూయించారట. ఎందుకని ఎవరూ అడగలేదట.

నేను కోవిల్‌పట్టి చేరి, జిల్లా బోర్డు ఆడపిల్లల బడిలో పని సంపాదించుకున్నాను. మొదటి రోజుల్లో తిండికి, నీడకు పడ్డ పాట్లు రాయను. క్లాసులో వీపు పాఠం మానేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. దానికన్నా మంచి పద్ధతి నాకు తెలీదు. సగం క్లాసు గోడకేసి తిరిగినప్పుడల్లా ఆమె మీద కోపం వచ్చేది, అయినా అలాగే చెప్పేదాన్ని.

ఏళ్ళు గడిచాక ఒక శనివారం ఆమె మా ఇంటికి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది, నడుం కాస్త వంగింది. తాటిబెల్లం వేసి కరుపట్టి కాపీ పెట్టి ఇచ్చాను. తాగకముందు వాసన చూసింది.

"నీ దగ్గిర చదివే బిడ్డలు శానా బాగా ఉండారంట, ఇన్‌స్పెక్టరమ్మ చెప్పె. మా బడిలో సైన్సుకి సరైన మనిషి లే. కొత్త రూము కట్టినాము. వచ్చెయ్యి అమ్మీ. నీ రూమే నీకు ఇస్తాను" అంది. కాపీ ఒక గుక్క తాగి, "ఆ సంగతి మాత్రం ఎత్తొద్దు. అయిపోయింది" అంది.

"నేను ఎత్తను. మీరు ఎత్తండి" అన్నాను. నేనూ మీరు అనే అన్నాను. "పిల్లల ముందర నిలబడి, ఆ పొద్దు నేను కూడా చూసినాను, ఎరుపు చూసినాను అని చెప్పండి. ఒక్క తూరి. రేపే వస్తాను."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నాకు ఆ కాంపౌండు వదిలితే ఏముండాది అమ్మీ? ఆ వయసులో తరిమితే యాడికి పోతాను? నీకైతే ఊరు ఉండాది, చేను ఉండాది, నీవాళ్ళు ఉండారు అనుకుంటిని."

ఆమె ఒళ్ళో ఏడ్చిన దాన్ని నేను. నాకు ఏ గడపా లేదని నా నోటితో విన్న మనిషి నా ఎదురుగా కూర్చుని ఈ మాట అనగలిగింది. బావి దగ్గర చూసింది కాదన్నట్టే ఇదీ కాదంది.

"నాకు ఏమి ఉండెనో మీకన్నా ఎవురికి తెలుసు?" అన్నాను.

ఆమె తల వంచుకుంది. ఆ వంచిన తల చూసి మెత్తబడ్డాను. "సరి, పిల్లల ముందర వద్దు. ఈడ చెప్పండి. నేనొక్కదాన్నే ఉండాను."

"నీకు తెలుసు గదా అమ్మీ."

"నాకు తెలుసు. మీరు చెప్పండి."

వీధిలో నూనె అమ్మేవాడు కేకేసుకుంటూ పోయాడు. ఆమె పెదవులు కదిలాయి. ఆ ఒక్క మాట అనేస్తుందనే అనుకున్నాను. అని ఉంటే ఆమె కాళ్ళ మీద పడి ఉండేదాన్ని, ఆ రాత్రికే పెట్టె సర్దుకుని ఉండేదాన్ని. అంత ఆశ ఉంది నాకు, అప్పటికి కూడా.

"జెపం చేస్తాము" అంది ఆమె. లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. అన్నేళ్ళు పక్కగదిలో ఉన్నా నా కోసం ఎన్నడూ చేయనిది, మా ఇంటి తెలుగులో ప్రార్థన చేసింది. "ఆండవా, ఈ బిడ్డ మనసులో ఉండే చేదు తీసెయ్యి. నన్ను నువ్వు మన్నించినట్ట ఇది కూడా నన్ను మన్నించాల, దీనికి ఆ మనసు ఇయ్యి" అంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. చాలాసేపు చేసింది. అంతసేపట్లో బావి మాట రాలేదు, ఆ పిల్లల మాట రాలేదు. దేవుడికి చెప్పింది నా కోపం గురించే.

ముగించి, నేను ఆమెన్ అనడం కోసం ఆగింది. చాలాసేపు ఆగింది. నేను అనలేదు.